ఉమ్మడి నమ్మకాల గణాంక చిత్రణ: కోలారు బంగారు గనుల ప్రాంతం క్షేత్రంగా

ఒక ఊరి జనం నమ్మే సంగతులు విడివిడిగా ఉండవు. ఒక నమ్మకం ఇంకొకదాన్ని ఆనుకుని ఉంటుంది. ఒకదాన్ని కదిపితే కొన్ని కదులుతాయి, కొన్ని చెక్కుచెదరవు. ఏది దేన్ని ఆనుకుంది, ఆ అమరికను ఎవరెవరు పంచుకుంటున్నారు, ఎక్కడ చీలిపోతున్నారు అన్న ప్రశ్నలకు లెక్కలతో జవాబు వెతికే పద్ధతుల సముదాయమే ఉమ్మడి నమ్మకాల గణాంక చిత్రణ. సామాజిక మనస్తత్వశాస్త్రం, మానవశాస్త్రం, గణాంకశాస్త్రం కలిసే చోట 1960ల నుంచి ఇది పెరుగుతూ వచ్చింది. మామూలు అభిప్రాయ సేకరణ ఎంతమంది ఔనన్నారో లెక్కపెట్టి ఆగుతుంది. ఈ పద్ధతులు అక్కడినుంచి మొదలవుతాయి: ఔనన్నవాళ్లు ఇంకా వేటికి ఔనన్నారు, వేటి దగ్గర తల అడ్డంగా ఊపారు?

కర్ణాటకలోని కోలారు జిల్లా, అందులోని కోలారు గోల్డ్ ఫీల్డ్స్ పట్టణం, అంటే అందరూ పిలిచే కేజీఎఫ్, ఈ పద్ధతుల బలాన్నీ బలహీనతనూ ఒకేచోట చూపగల క్షేత్రం. అందుకే ఇక్కడ పద్ధతుల వివరణ అంతా ఆ నేల మీదే సాగుతుంది. మధ్యలో ఇచ్చిన చిన్న లెక్కలు పద్ధతిని చూపడానికి కల్పించినవి, సర్వే ఫలితాలు కావు.

క్షేత్రం

మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు 1871లో ఇక్కడి పాత తవ్వకాల జాడలు చూసి ఆశ పడ్డాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగాక గనులు నిలదొక్కుకున్నాయి. 1902లో శివనసముద్రం నుంచి కావేరి కరెంటు వచ్చింది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనుల్లో చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. 1956లో గనులు రాష్ట్ర ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న పని ఆగిపోయింది.

మన విషయానికి కావలసింది బంగారం కన్నా ఆ బంగారం చుట్టూ చేరిన జనం. ఉత్తర ఆర్కాటు వైపు నుంచి తమిళ దళిత కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చి, కార్మికుల ఇళ్ల వరుసలైన కూలి లైన్లలో స్థిరపడ్డాయి. చిత్తూరు వైపు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి తెలుగువాళ్లు వచ్చారు. కన్నడిగులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు, ఆంగ్లేయ అధికారులు ఎవరి పేటల్లో వాళ్లు ఉన్నారు. గుడి, చర్చి, మసీదులతో పాటు బౌద్ధమూ ఉంది. అయోతిదాసు పండితర్ 1898లో మద్రాసులో మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి గట్టి శాఖ కేజీఎఫ్ గనుల పేటల్లో ఒకటైన మారికుప్పంలో వేళ్లూనింది. పట్టణం దాటి ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వెళితే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పల్లెలు. వాటిది గని జ్ఞాపకం కాదు. ఎండిన చెరువులు, వెయ్యి అడుగులు దాటిన బోర్లు, మామిడి, పట్టుగూళ్లు, పాలు. ఒకే జిల్లాలో ఒకే వస్తువు గురించి ఇన్ని దిక్కుల నుంచి ఆలోచించే జనం ఉన్నప్పుడు "కోలారు ప్రజల అభిప్రాయం" అని ఒక శాతం ముద్రించడం దాదాపు అర్థం లేని పని.

పంచుకోవడమంటే ఏకాభిప్రాయం కాదు

ఈ రంగానికి మూలపురుషుడు సెర్జ్ మొస్కోవిచి. మానసిక విశ్లేషణ శాస్త్రం ఫ్రెంచి జనసామాన్యంలోకి ఎలా దిగిందో, క్యాథలిక్కులు, కమ్యూనిస్టులు, పట్టణ మధ్యతరగతి దాన్ని తమ తమ మాటల్లోకి ఎలా మలుచుకున్నారో 1961లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు. ఆ జనసామాన్య జ్ఞానాన్ని అతను పిలిచిన పేరును ఇక్కడ సామాజిక భావచిత్రం అందాం. కొత్త సంగతిని తెలిసినదానికి ముడివేయడం ఒక పని, కంటికి కనబడే వస్తువుగా మార్చుకోవడం ఇంకో పని అన్నాడు. కేజీఎఫ్‌లో రెండో పనికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. గనుల నుంచి బయటపడ్డ మూడు కోట్ల టన్నులకు పైబడిన పొడి గుట్టలుగా పేరుకుని ఉంది, జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. లోహం తీసే రసాయనశాస్త్రం, కంపెనీ లెక్కలు, ఊపిరితిత్తుల భయం అన్నీ ఆ దిబ్బల్లోకి వచ్చి చేరాయి.

విలెం డువాజ్, అలెన్ క్లెమాన్స్, ఫాబియో లొరెంజి-చోల్డి 1990ల ఆరంభంలో రాసిన పుస్తకం ఈ రంగంలో గణాంకాలకు ఒక క్రమం ఇచ్చింది. వాళ్ల లెక్కలో పని మూడు మెట్లు. మొదట అందరికీ ఉమ్మడిగా ఉన్న గుర్తుల పటం గీయాలి. తర్వాత ఆ పటం మీద వ్యక్తులు ఎక్కడెక్కడ వేరుగా నిలబడ్డారో చూడాలి. చివరికి ఆ తేడాలు వృత్తి, కులం, భాష, తరం లాంటి సామాజిక స్థానాలకు ఎలా ముడిపడ్డాయో తేల్చాలి. ఇందులో అసలు మాట మొదటి మెట్టులో ఉంది. జనం పంచుకునేది అభిప్రాయాన్ని కాదు, అభిప్రాయభేదం పెట్టుకోవడానికి కావలసిన కొలబద్దను. దిబ్బను బంగారమనేవాడూ విషమనేవాడూ ఒకే పటం మీద నిలబడి పోట్లాడుతున్నారు. ఆ పటం మీద లేని మనిషికి ఆ పోట్లాట అర్థం కాదు. నా లెక్కలో ఈ రంగం మొత్తానికి పనికివచ్చే ఆలోచన ఇదే. మిగతా సూత్రాలన్నీ దీనికి పనిముట్లు.

మాటల నుంచి అమరిక

సమాచారం సేకరించే దారుల్లో సులువైనది స్వేచ్ఛా స్మరణ. ఒక మాట చెప్పి, వినగానే తోచిన నాలుగైదు మాటలు చెప్పమంటారు. పియెర్ వెర్జెస్ వీటిని రెండు కొలతలతో నాలుగు గదుల పట్టిక వేశాడు: ఒక మాట ఎంతమంది నోట వచ్చింది, సగటున ఎన్నో స్థానంలో వచ్చింది. ఎక్కువమంది చెప్పి, ముందుగా చెప్పిన మాటలు భావచిత్రపు కేంద్రకానికి అభ్యర్థులు. తక్కువమంది చెప్పినా ముందే చెప్పిన మాటల గది ప్రత్యేకం, అక్కడ తరచు ఒక చిన్న సమూహపు వేరే కేంద్రకం దాగి ఉంటుంది. కేజీఎఫ్‌లో "గని" అన్న మాటకు జవాబులు సేకరిస్తే దగ్గు, ఊపిరి, సిలికోసిస్ లాంటి మాటలు ఏ గదిలో పడతాయన్నది చూడవలసిన సంగతి. భారతదేశంలో సిలికోసిస్ తొలి నమోదు 1934లో ఈ గనుల నుంచే వచ్చింది. గని లోపలికి దిగిన కుటుంబాలకూ నేలపైన పని చేసిన కుటుంబాలకూ అది ఒకే గదిలో పడాలన్న నియమం లేదు.

కేంద్రకం అన్న ఆలోచన జాన్-క్లోద్ అబ్రిక్‌ది, 1976 నాటిది. కేంద్రకంలోని మాట తీసేస్తే ఆ వస్తువు ఆ వస్తువుగా మిగలదు. పరిధిలోని మాట తీసేసినా ఫరవాలేదు. అందుకే పట్టిక ఒక్కటే చాలదు, పరీక్ష కావాలి. పాస్కల్ మొలినే సూచించిన తిరస్కార పరీక్షలో ఒక లక్షణాన్ని కొట్టేసి అడుగుతారు. "ఫలానా గనిలో బంగారం లేదు, అయినా దాన్ని మన గని అనవచ్చా?" "ఫలానా గనిలో క్వార్టర్లు, ఆస్పత్రి లేవు, అయినా మన గని అనవచ్చా?" రెండో ప్రశ్నకే ఎక్కువమంది కాదంటే కేంద్రకంలో ఉన్నది లోహం కాదు, కంపెనీ ఇచ్చిన బతుకు. పౌనఃపున్యాల పట్టిక మాత్రం బంగారాన్నే పైన కూర్చోబెడుతుంది. పట్టికనే ఫలితంగా ప్రచురించేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడే ఈ పద్ధతికి చెడ్డపేరు వచ్చింది. పట్టికలో గదులు విడదీసే గీతలు ఎక్కడ పెట్టాలో చెప్పే సిద్ధాంతమేమీ లేదు, పరిశోధకుడి ఇష్టమే.

మాటల మధ్య బంధాలకు క్లోద్ ఫ్లామాన్ 1960లలో సామ్య విశ్లేషణ తెచ్చాడు. వందమందిలో 60 మంది బంగారం అన్నారు, 40 మంది సైనైడ్ అన్నారు, 30 మంది రెండూ అన్నారు అనుకుందాం. రెంటిలో కనీసం ఒకటి చెప్పినవాళ్లు 70 మంది, కాబట్టి జకార్డ్ సూచిక 30ని 70తో భాగిస్తే వచ్చే 0.43. ఇలా ప్రతి జతకూ లెక్కకట్టి, బలమైన బంధాలను ముందుగా తీసుకుంటూ, వలయం ఏర్పడకుండా కలుపుకుంటూ పోతే గరిష్ఠ వృక్షం వస్తుంది. ఇరవై మాటలకు పంతొమ్మిది కొమ్మలే మిగులుతాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే పంతొమ్మిదో కొమ్మకూ ఇరవయ్యో దానికీ మధ్య తేడా ఒకరిద్దరు మనుషులే కావచ్చు. జవాబిచ్చినవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ నమూనాలు తీసి, ఏ కొమ్మ ఎన్నిసార్లు నిలిచిందో చెప్పే బూట్‌స్ట్రాప్ లెక్క పక్కన లేకపోతే ఆ చెట్టును నమ్మకూడదు.

1980లో జాన్-పియెర్ డి జాకొమో బెల్జియంలోని లూవాన్ విద్యార్థి ఉద్యమం మీద చేసిన అధ్యయనం ఈ తీరు పనికి మంచి నమూనా. విద్యార్థులు, ఉద్యమ కమిటీ, కార్మికులు లాంటి మాటలకు వచ్చిన స్మరణల పోలికలను బహుమితీయ స్కేలింగ్‌తో పటం మీద పరిచాడు. విద్యార్థులు తమ గురించి చెప్పుకున్న మాటలకూ కమిటీ గురించి చెప్పిన మాటలకూ ఉమ్మడి పదజాలం చాలా తక్కువగా తేలింది. కమిటీ పిలుపు ఎందుకు అందలేదో ఆ దూరమే చెప్పింది. దీనికి ఎదురు ఉదాహరణ మన క్షేత్రంలోనే ఉంది. వేలిముద్రలు తీసి పేర్లు నమోదు చేసే పద్ధతి మీద 1930లో కేజీఎఫ్ కార్మికులు మూడు వారాలు పనికి దిగకుండా నిలిచారు. పెద్ద యూనియన్ ఏదీ పాతుకోకముందే అంతమంది ఒక్కమాట మీద ఎలా నిలిచారన్నది చరిత్రకారులను ఆకర్షించిన ప్రశ్న. జానకి నాయర్ ఆ సమ్మె మీద చేసిన పని గుర్తింపు పొందింది. లూవాన్‌లో కనబడిన దూరానికి ఇది తలకిందుల రూపం: పిలుపునిచ్చే కమిటీ బలహీనంగా ఉన్నా పదజాలం ముందే ఉమ్మడిగా ఉండి ఉండాలి.

దూరం కొలవడం: మహలనోబిస్, సి. ఆర్. రావు

రెండు సమూహాలు ఎంత దూరంలో ఉన్నాయన్న ప్రశ్నకు భారతీయ గణాంకశాస్త్రం చాలా ముందే గట్టి జవాబిచ్చింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలతో పని మొదలుపెట్టి, 1922లో దాని మీద వ్యాసం ప్రచురించి, 1936 నాటికి డి-స్క్వేర్ అనే దూరాన్ని స్థిరపరిచాడు. కొలతల మధ్య సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకోవడం దాని కీలకం. ఎత్తూ చేయి పొడవూ కలిసి పెరిగేవే కాబట్టి రెండింటిలో తేడాను రెండుసార్లు లెక్కించకూడదు. నమ్మకాలకూ ఇదే వర్తిస్తుంది. "చెరువు నిండితే బోరుకు నీళ్లు వస్తాయి", "చెరువు నిండితే పంట పండుతుంది" అనేవి ఒకే తలపు రెండు మాటలైతే, రెంటి దగ్గరా విభేదించిన ఊరు రెండింతలు దూరం కాదు.

ఈ దారిలో అందరికన్నా దూరం నడిచినవాడు తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హువిన హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి మహలనోబిస్ దగ్గరికి వెళ్లాడు. యునైటెడ్ ప్రావిన్సెస్ మానవ కొలతల సర్వేను మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి 1949లో ప్రచురించాడు. కేంబ్రిడ్జిలో గణాంకవేత్త ఫిషర్ దగ్గర డాక్టరేటు చేస్తూ అనేక సమూహాలను కొద్ది అక్షాల మీద పరిచి చూపే కానానికల్ పద్ధతిని 1948లో వివరించాడు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. ఆయన పేరున్న గణాంక పాఠాలు చదివే తెలుగు విద్యార్థుల్లో చాలామందికి ఆయన కులాల, తెగల వర్గీకరణ లెక్కల నుంచి ఎదిగాడని తెలియదు. శరీరాలు కొలిచిన ఆ కాలపు ఆలోచన మీద విమర్శ న్యాయమైనదే. పనిముట్టు మాత్రం ఆ ఆలోచనను దాటి బతికింది.

మాటల పట్టికలకు ఎక్కువగా వాడేది జాన్-పాల్ బెంజెక్రి ఫ్రాన్స్‌లో 1960లలో పెంచిన కరస్పాండెన్స్ విశ్లేషణ. అడ్డువరుసల్లో సమూహాలు, నిలువువరుసల్లో మాటలు పెట్టి, రెంటినీ ఒకే పటం మీద చూపుతుంది. పియెర్ బూర్ద్యూ 1979లో అభిరుచుల మీద రాసిన గ్రంథంలో వాడటంతో దీనికి లోకప్రసిద్ధి వచ్చింది. ఇది వాడే కై-వర్గ దూరంలో ఒక చిక్కుంది: అరుదైన మాటకు అతిగా బరువు పడుతుంది. ముగ్గురే చెప్పిన మాట పటాన్ని ఒక మూలకు లాగేస్తుంది. దీనికి ప్రత్యామ్నాయంగా హెలింగర్ దూరాన్ని వాడమని సి. ఆర్. రావు 1995లో ప్రతిపాదించాడు. శాతాల వర్గమూలాలు తీసుకోవడం వల్ల అరుదైన మాటల పెత్తనం తగ్గుతుంది, ఒక సమూహాన్ని పట్టిక నుంచి తీసేసినా మిగతావాటి మధ్య దూరాలు మారవు. ఎన్నో చిన్న సమూహాలున్న కేజీఎఫ్ లాంటి చోట ఈ రెండో గుణం చాలా విలువైనది.

ఒక సంస్కృతా, రెండా?

1986లో కింబల్ రామ్నీ, సూసన్ వెల్లర్, విలియం బాచెల్డర్ ప్రశ్నను తిరగేశారు. సరైన జవాబు పరిశోధకుడికే తెలియనప్పుడు, ఎవరికి బాగా తెలుసో ఎలా కనిపెట్టాలి? ప్రశ్నల మధ్య కాకుండా మనుషుల మధ్య పోలికలు లెక్కకట్టి, ఊహతో కుదిరిన పోలికలను సవరించి, ఆ మాత్రికను కారకాలుగా విడదీస్తారు. మొదటి కారకం బలాన్ని చెప్పే ఐగెన్ విలువ రెండోదానికి మూడింతలో అంతకన్నా ఎక్కువో ఉంటే అందరి జవాబుల వెనకా ఒకే ఉమ్మడి జ్ఞానం ఉందంటారు. ఒక్కొక్కరికీ వచ్చిన భారం ఆ జ్ఞానంలో వాళ్ల పట్టును చెబుతుంది, ఉమ్మడి జవాబు కట్టేటప్పుడు ఆ పట్టును బట్టి బరువు ఇస్తారు. ఇక్కడ మెజారిటీ ఓటుకు చోటు లేదు.

నిష్పత్తి మూడుకు తక్కువైతేనే అసలు ఆసక్తి. బెంగళూరులోని కోరమంగల-చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపే పథకం 2018లో నీళ్లు వదిలింది, కోర్టుల దాకా వెళ్లింది. ఆ నీళ్ల గురించి ముప్ఫై వాక్యాలు రాసి ఔను, కాదు అడిగితే జిల్లా అంతా ఒక కారకం మీద నిలుస్తుందా, చెరువు కింద పొలమున్నవాళ్లూ తాగేనీటికి బోరు మీద ఆధారపడ్డవాళ్లూ రెండుగా విడిపోతారా అన్నది ఈ పద్ధతి సూటిగా తేల్చగలదు. రెండో కారకం మీద ధన, రుణ గుర్తులతో జనం చీలితే అక్కడ ఉన్నది తక్కువ తెలిసినవాళ్లూ ఎక్కువ తెలిసినవాళ్లూ కాదు, రెండు వేరు జ్ఞానాలు.

ఇంకో మెట్టు పైన, ఆమిర్ గోల్డ్‌బర్గ్ 2011లో తెచ్చిన సంబంధాత్మక వర్గ విశ్లేషణ ఉంది. "దిబ్బలు తవ్వితే ఉద్యోగాలు వస్తాయి", "దిబ్బలు తవ్వితే దుమ్ము పెరుగుతుంది" అన్న రెండు వాక్యాలకు రెండు సమూహాల్లోనూ సగం మంది ఔనన్నారనుకుందాం. మొదటి సమూహంలో ఉద్యోగాలకు ఔనన్నవాళ్లే దుమ్ముకు కాదన్నారు. రెండోదానిలో ఉద్యోగాలకు ఔనన్నవాళ్లే దుమ్ముకూ ఔనన్నారు. సగటు రెండుచోట్లా ఒకటే, సహసంబంధం మాత్రం తలకిందులు. మొదటి సమూహం ఇది లాభమా నష్టమా అని పక్షాలు తీసుకుంది. రెండోదానిలో బేరమాడేవాళ్లున్నారు, ఉద్యోగమూ వస్తుంది దుమ్మూ వస్తుంది, ఎంతకు ఎంత అన్నదే వాళ్ల ప్రశ్న. ఈ పద్ధతి పరస్పరం వ్యతిరేకించే ఇద్దరిని కూడా ఒకే వర్గంలో చేరుస్తుంది, వాళ్ల అమరిక ఒకటే అయితే. పదమూడు దిబ్బల్లో మళ్లీ తవ్వకాలకు కర్ణాటక ప్రభుత్వం 2024లో అంగీకరించింది కాబట్టి ఇది పుస్తకాల లెక్క కాదు.

అంకెలకు అందనివి

మనిషి రెండు విరుద్ధ సంగతులు ఒకేసారి నమ్మడం కారక విశ్లేషణకు నచ్చని పని. వోల్ఫ్‌గాంగ్ వాగ్నర్, జెరార్డ్ డ్యువీన్, వాళ్ల సహచరులు పాట్నాలో పిచ్చి గురించిన ఆలోచనలపై చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో జనం మనోవైద్యుణ్ణీ భూతవైద్యుణ్ణీ సందర్భాన్ని బట్టి పిలుస్తారని తేలింది: ఇంట్లో ఒక జ్ఞానం, బయట ఒక జ్ఞానం. ఈ రెండూ ఒక అక్షానికి రెండు కొసలని లెక్క చెబితే అది లెక్క తప్పే. ఇంకో చిక్కు, చెప్పరానివి చెప్పకపోవడం. క్రిస్టియన్ గిమెల్లి, జాన్-క్లోద్ దెషాన్ 2000లో ఫ్రాన్స్‌లో జిప్సీల గురించి అడిగినప్పుడు, "మీరు" అని అడిగితే రాని చెడ్డమాటలు "ఇక్కడివాళ్లు మామూలుగా ఏమంటారు" అంటే వచ్చాయి. కూలి లైన్ల చరిత్ర కులం చరిత్ర కూడా అయిన చోట రెండు రకాలుగానూ అడగకపోతే మౌనమంతా ఏకాభిప్రాయంగా కనబడుతుంది.

క్షేత్రంలో మామూలు కష్టాలు వేరే. ముళబాగిలు వైపు తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది తెలుగు లిపి చదవరు. అచ్చు తెలుగు ప్రశ్నావళి వాళ్ల చేతిలో పెట్టడం వృథా, నోటితో తెలుగులో అడిగి రాసుకోవాలి. వచ్చే జవాబు తెలుగు, కన్నడం, తమిళం కలగలుపుగా ఉంటుంది. మాక్స్ రైనెర్ట్ రూపొందించిన ఆల్సెస్ట్, పియెర్ రతినో తర్వాత తెచ్చిన ఇరాముతెక్ లాంటి సాఫ్ట్‌వేర్ వాక్యాలను మాటల సహవాసాన్ని బట్టి తరగతులుగా విడగొడుతుంది. నీళ్లు, నీళ్లకి, నీళ్లల్లో అన్నవి వేరువేరు మాటలని అది అనుకుంటే తరగతులు వ్యాకరణాన్ని చూపుతాయి, నమ్మకాన్ని కాదు. ప్రత్యయాలు విడదీసే పని మనిషి చేయక తప్పదు. పగలు పది గంటలకు ఇల్లిల్లూ తిరిగే సర్వేకు తెల్లవారుజామునే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లినవాళ్లు దొరకరు, దొరికేది వృద్ధులు, గృహిణులు. గని మూతపడ్డాక పట్టణం బతుకుతున్నది ఆ రైలు మీదే కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఇక 2018 డిసెంబరులో అదే పేరుతో వచ్చిన సినిమా తర్వాత కేజీఎఫ్ అన్న మాట వినగానే కుర్రాళ్లకు ముందు తోచేది ఆ సినిమాయే కావచ్చు. కేజీఎఫ్‌లోనే పుట్టిన కుర్రాడికీ బయటివాడికీ ఆ మాట ఎన్నో స్థానంలో వస్తుందో పోల్చి చూడటం వెర్జెస్ పట్టికకు సరదా పనే కాదు, నిజమైన పరీక్ష కూడా.

రెండు కాలాల పటాలను పోల్చాలంటే, ఉదాహరణకు దిబ్బల తవ్వకానికి ముందు, తర్వాత, కంటితో చూసి మారిందనడం చాలదు. నేథన్ మాంటెల్ 1967లో ఇచ్చిన పరీక్షలో రెండు దూర మాత్రికల మధ్య సహసంబంధం లెక్కకట్టి, ఒకదాని వరుసలను యాదృచ్ఛికంగా వేలసార్లు కలగాపులగం చేసి, అసలు విలువ ఆ గుంపులో ఎక్కడ పడుతుందో చూస్తారు. రెండుసార్లూ అవే మాటలు, అవే ప్రశ్నలు ఉండాలన్నది దానికి షరతు. కాబట్టి మొదటి పటం కోసం చేసిన మాటల పట్టిక తవ్వకం మొదలుకాకముందే సిద్ధం కావాలి.